ఏడేళ్ళయినా స్లాబ్ కుంగుతూనే ఉంటుందా? మధురవాడ ఫ్లాట్ గురించి అడిగినవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖపట్నం మధురవాడలో జీ ప్లస్ 4 అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, 2018లో చేరారు. మూడు విషయాలు రాశారు. హాల్లో అడ్డగోడకీ దాని పైనున్న బీముకీ మధ్య అడ్డంగా సన్నటి బీట పడింది, మొన్న జనవరిలో ఒక రాత్రి పెద్ద చప్పుడు చేసి నాలుగు టైల్స్ పైకి లేచాయి, బాల్కనీ బయటి చివర, ఇంటి గోడ వైపు కంటే 12 మి.మీ. కిందికి ఉంది. కింది ఫ్లాటాయన పునాది దిగిపోతోంది అన్నారు, బిల్డర్ ఇదంతా అందరికీ ఉండేదే అన్నాడు, మీ అమ్మగారు ఆ హాల్లో పడుకోవడమే మానేశారు.

ముందు అమ్మగారి సంగతి. మీరు పెట్టిన ఫొటోలు, రాసిన వివరాలు బట్టి మొదటి రెండింటికీ పునాదితో పని లేదు, ఆవిడని నిశ్చింతగా హాల్లో పడుకోమనండి. పునాది దిగితే బీటలు బీము వెంట తిన్నగా అడ్డంగా రావు, గోడ మీద మెట్లు మెట్లుగా ఏటవాలుగా వస్తాయి, ఒక అంతస్తులో ఆగవు, కింద ప్లింత్ దగ్గర్నుంచి పై దాకా ఒకే వరసలో కనిపిస్తాయి, తలుపు ఫ్రేములు మూలమట్టం తప్పుతాయి. అవేవీ మీరు చెప్పలేదు. మూడోది మాత్రం, అంటే బాల్కనీ, బిల్డర్ మాట నమ్మి వదిలేసేది కాదు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

చాలామంది అనుకునేది ఏంటంటే, స్లాబ్ వేశాం, 28 రోజులకి గట్టిపడింది, ఇక అది రాయి. కాదండీ. కాంక్రీటు లోపల ఏళ్ళ తరబడి కదలిక ఉంటుంది. అందులో రెండు రకాలు. ఒకటి ఆరిపోతూ ముడుచుకోవడం, ష్రింకేజ్. రెండోది బరువు మోస్తూ మెల్లగా లొంగడం, క్రీప్.

మన పాత ఇళ్ళలో చెక్క అటక గుర్తు చేసుకోండి, దాని మీద ఇత్తడి గుండిగలు, బిందెలు పెట్టేవాళ్ళు. పెట్టిన రోజు చెక్క కొంచెం వంగుతుంది, అది మామూలే. కానీ పదేళ్ళ తర్వాత చూస్తే అవే గుండిగలు, అదే చెక్క, వంపు మాత్రం రెండింతలో మూడింతలో ఉంటుంది. గుండిగలు దించేసినా పూర్తిగా తిన్నగా అవదు. కాంక్రీటులో క్రీప్ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. బరువు పెరగక్కర్లేదు, ఉన్న బరువు ఉన్నట్టే ఉంటే చాలు. అందుకే హుద్‌హుద్ తుఫాను లాంటి గాలి, కొన్ని గంటలు బిల్డింగుని ఊపేసి పోయేది, క్రీప్ తెప్పించదు. మీ గోడల బరువు, ఫ్లోరింగ్ బరువు, స్లాబ్ సొంత బరువు, ఇవి రాత్రీ పగలూ కూర్చుని ఉంటాయి చూడండి, క్రీప్ అంతా వీటి వల్లే.

లోపల జరిగేది ఇది. 50 కిలోల సిమెంటు బస్తా రసాయనికంగా పట్టుకునే నీరు సుమారు 11, 12 లీటర్లే. మనం పోసేది పద్ధతిగా కలిపినా 25 లీటర్లకి అటూ ఇటూ, సైట్లో పైపు చేతికిస్తే ఇంకా ఎక్కువ. మిగతా నీటిలో కొంత సిమెంటు జిగురులోని అతి సన్నటి సందుల్లో ఉంటుంది, కొంత వాటికన్నా పెద్ద సందుల్లో ఉండి మెల్లగా గాల్లోకి పోతుంది. పోయేటప్పుడు సందుల గోడల్ని లోపలికి లాగుతుంది, అది ష్రింకేజ్. బరువు కింద ఆ జిగురు పొరలు ఒకదాని మీద ఒకటి మెల్లగా సర్దుకుంటాయి, జారతాయి, అది క్రీప్. ముడుచుకునేదీ లొంగేదీ సిమెంటు జిగురే, కంకర దాదాపు కదలదు, పైగా జిగురుని అడ్డుకుంటుంది. అందుకే గట్టి కంకర ఎక్కువ, నీళ్ళు తక్కువ ఉన్న కాంక్రీటు తక్కువ కదులుతుంది. ఇంకో సంగతి, బరువు మోస్తూనే ఆరిపోయే కాంక్రీటు ఆ రెండూ విడివిడిగా కలిపి లెక్కేసిన దానికన్నా ఎక్కువ లొంగుతుంది. 1942లో పికెట్ అనే ఆయన దీన్ని చూపించారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మీకు అన్నిటికన్నా ముఖ్యంగా కావలసింది కాలం లెక్క. 20 ఏళ్ళు పట్టి కొలిచిన పాత ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, 20 ఏళ్ళలో వచ్చే క్రీప్‌లో సుమారు పావు వంతు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది, మూడు నెలలకి సగం దాటుతుంది, ఏడాదికి ముప్పావు వంతు అయిపోతుంది. మిగతా పావు వంతు 19 ఏళ్ళ మీద పరుచుకుంటుంది. పూర్తిగా ఆగదు, కానీ ఏటికేడూ నెమ్మదిస్తుంది.

గోపాలపట్నంలో మా ఇంటి హాలు బీము కింద నేను సీలింగ్ ప్లాస్టర్ చేయించకముందే ఒక స్టీలు ముక్క బిగించి, పక్క కాలమ్ మీద పెన్సిల్ గీతలు పెట్టడం మొదలుపెట్టాను, ప్రతి గీత పక్కనా తేదీ. మొదటి ఏడాది గీతల మధ్య చీమ నడిచే చోటు ఉంది. నాలుగో ఏడాది నుంచి కొత్త గీత పాత గీత మీదే పడుతోంది, భూతద్దం పెట్టి చూస్తే గానీ తేడా తెలియదు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గీతలు ఇలాగే దగ్గర పడుతూ వస్తాయి. ఎంత కుంగింది అన్న అంకె కన్నా కుంగే వేగం తగ్గుతోందా లేదా అన్నది చూడండి. మీ సమస్య మొత్తానికి నేను చెప్పే అసలు మాట ఇదే.

ఇప్పుడు మీ గోడ బీట. మీ గోడ ఫ్లైయాష్ ఇటుకలది అని రాశారు, పరవాడ వైపు బూడిద పుణ్యమా అని ఇక్కడ సగం అపార్ట్‌మెంట్లు వాటితోనే. కాల్చిన మట్టి ఇటుక ముడుచుకోదు, ఫ్లైయాష్ ఇటుక సిమెంటు సరుకు లాంటిదే కాబట్టి ఆరుతూ కొంచెం ముడుచుకుంటుంది. దానికి తోడు ఆ గోడ మోస్తున్న కింది బీము గోడ బరువుకే ఏళ్ళ మీద కాస్త దిగుతుంది, గోడ దానితో పాటు దిగుతుంది, పై బీము దగ్గర సందు తెరుచుకుంటుంది. అంతే. చివరి వరస ఇటుకల్ని రెండు వారాలు ఆగి బిగించి ఉంటే చాలా వరకు రాకపోయేది, మనవాళ్ళు అదే రోజు సాయంత్రం మాలు కుక్కేసి మర్నాడు ప్లాస్టరింగ్ మొదలుపెడతారు. కాంక్రీటు కట్టడాలకి మన దేశపు కోడ్ ఐఎస్ 456 కూడా ఈ కదలికని ఒప్పుకునే రాసింది, గోడలూ ఫినిషింగూ అయ్యాక వచ్చే కుంగుడు స్పాన్‌లో (ఆధారాల మధ్య దూరంలో) 350వ వంతు లేదా 20 మి.మీ., ఏది తక్కువైతే అది మించకూడదు అంటుంది. 6 మీటర్ల బీముకి అది 17 మి.మీ. అంటే కోడ్ ప్రకారం సరిగ్గా కట్టిన ఇంట్లో కూడా గోడకి బీట తెప్పించేంత కదలిక ఉండొచ్చు. సిమెంటుతో పూడ్చకండి, మళ్ళీ విడిపోతుంది. సాగే సీలెంట్ పెట్టించి పైన రంగు వేయించండి.

టైల్స్. కోడ్ లెక్కకి వాడే ష్రింకేజ్ 0.0003, అంటే 10 మీటర్లకి 3 మి.మీ. లోపలి స్టీలు, పక్క కాలమ్స్ అడ్డుకోవడం వల్ల నిజంగా అంత రాకపోవచ్చు, అయినా స్లాబ్ కొద్దికొద్దిగా పొట్టి అవుతూనే ఉంటుంది. మన ఆడవాళ్ళు పాత పంచె మీద వడియాలు పెడతారు, ఎండాక చూడండి, వడియం ముడుచుకుంటూ పంచెని కూడా దగ్గరికి లాక్కుంటుంది, బట్ట ముడతలు పడుతుంది. స్లాబ్ అచ్చం ఆ వడియంలా లాగుతుంది. మీదున్న విట్రిఫైడ్ టైల్ ముడుచుకునే సరుకు కాదు. మధ్యలో స్పేసర్ పెట్టకుండా టైల్‌కి టైల్ ఆనించి, గోడకి కూడా గట్టిగా ఆనించి వేస్తే ఆ ఒత్తిడి పోవడానికి దారి లేదు, ఎక్కడ కింద మాలు సరిగా అంటలేదో అక్కడ గుడారంలా లేస్తుంది. జనవరి రాత్రి చలికి స్లాబ్ ఇంకాస్త ముడుచుకుని ఉంటుంది, అప్పుడు ఆ చప్పుడు. భయపడే చప్పుడే గానీ ప్రమాదం లేదు. కొత్త టైల్స్ వేయించేటప్పుడు 2, 3 మి.మీ. స్పేసర్లు, గోడ చుట్టూ 8, 10 మి.మీ. ఖాళీ వదిలించండి, స్కర్టింగ్ కింద కనబడదు.

ఇక బాల్కనీ. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

1.5 మీటర్లు బయటికి వచ్చిన, గోడ దగ్గర 150 మి.మీ. మందం ఉన్న బాల్కనీ, చివర ఇటుక పిట్టగోడ, ఎం20 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగితే బలం ఎక్కువ) అనుకుని లెక్క వేశాను. సెంట్రింగ్ తీసిన రోజు వంపు 1 మి.మీ. లోపు. క్రీప్ వల్ల తర్వాత వచ్చేది ఒకటిన్నర నుంచి రెండు. ష్రింకేజ్ వల్ల ఇంకో 1 మి.మీ. (పైన స్టీలు, కింద లేదు, కాబట్టి కింది వైపు ఎక్కువ ముడుచుకుని చివర దిగుతుంది). మొత్తం మూడున్నర, నాలుగు. కోడ్ ఇచ్చే హద్దు స్పాన్‌లో 250వ వంతు, అంటే 6 మి.మీ. మీరు 12 అంటున్నారు. అంటే ఒక్క క్రీప్ పేరు చెప్పి తప్పించుకోవడానికి లేదు.

అయితే మీరు ఎక్కడ కొలిచారు? టైల్ మీద రసమట్టం పెట్టి కొలిచి ఉంటే ఆ 12 మి.మీ.లో ఎక్కువ భాగం వాన నీరు పోవడానికి మేస్త్రి ఇచ్చిన వాటం అయి ఉండొచ్చు. మీటరుకి 10 మి.మీ. వాటం ఇస్తే 1.5 మీటర్లకి 15 అవుతుంది! పైన కొలిచింది పక్కన పెట్టండి. కింది ఫ్లాటాయన బాల్కనీలో నిలబడి మీ స్లాబ్ అడుగు భాగాన్ని ట్యూబ్ లెవెల్‌తో (మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టం) కొలవండి, గోడ దగ్గర, మధ్యలో, చివర. పక్క ఫ్లాట్ బాల్కనీ కూడా కొలవండి, రెండూ ఒకే రోజు పోసినవే కదా, తేడా ఉంటే అదే చాలా చెబుతుంది. పొద్దున్నే ఎండ రాకముందు కొలవండి, ప్రతిసారీ అదే వేళకి.

కొలిచాక బాల్కనీ పై వైపున, గోడ మొదట్లో చూడండి. బయటికి పొడుచుకొచ్చిన స్లాబ్‌కి లాగుడంతా పై భాగంలో, గోడ మొదట్లో ఉంటుంది. అక్కడ గోడకి సమాంతరంగా టైల్ జాయింటు తెరుచుకుందా, బీట ఉందా? ఉంటే మిగతా రీడింగుల కోసం ఆగకండి.

2006లో విశాలాక్షినగర్‌లో ఒకరి ఇంటి పోర్టికో చూడమని పిలిచారు. పేర్లు వద్దు. 1.8 మీటర్లు బయటికి వచ్చింది, అందరూ క్రీప్ అంటున్నారు, నేనూ మొదట అదే అనుకున్నాను. గ్లాసు ముక్క అతికించి, నెలకోసారి గీత పెట్టాను. ఆరు గీతలు, ఆరింటి మధ్యా ఒకే దూరం. దగ్గర పడటం లేదు. అప్పుడు పైన గోడ మొదట్లో అరచేయంత మేర చిప్పింగ్ చేయించాం. ఉలి దిగుతోంది, దిగుతోంది, రాడ్డు తగలదు. 75 మి.మీ. లోతులో దొరికింది. 150 మి.మీ. స్లాబ్‌లో సరిగ్గా నడి మధ్యన. పై రాడ్లని ఎత్తులో నిలిపేందుకు కింద పెట్టాల్సిన ఆసరాలు, వాటినే చైర్లు అంటారు, పెట్టలేదు, పోత రోజు కూలీలు తట్టలు మోస్తూ ఆ రాడ్ల మీదే నడిచారు, అవి కిందికి దిగిపోయాయి. కాగితం మీద సరిపడా స్టీలు, సైట్లో కూడా అంతే స్టీలు, ఉన్న చోటు మాత్రం తప్పు. బలం మూడో వంతు పైగా పోయింది, వంగకుండా ఆపే బిగువు సగానికి కూడా లేదు. అదే రోజు కింద జాకీలు పెట్టించి, తర్వాత స్టీలు బీము, రెండు పైపు స్తంభాలు నిలబెట్టాం. ఆ ఇంటి పిల్లలు అప్పటిదాకా రోజూ ఆ పోర్టికో కిందే క్యారమ్స్ ఆడుకునేవాళ్ళు. అప్పటి నుంచి పొడుచుకొచ్చిన స్లాబ్ విషయంలో ఎవరైనా "క్రీప్ లెండి" అంటే నాకు కోపం వస్తుంది. హాలు బీము రెండు వైపులా ఆని ఉంటుంది, అది ఇబ్బంది పడితే ముందుగా చాలా సూచనలు ఇస్తుంది. బాల్కనీకి ఉన్న ఆధారం ఆ పై రాడ్లు ఒక్కటే.

పునాది, క్రీప్ కాకుండా మూడో అనుమానం కూడా ఒకటుంది, మన ఊరికి అది ముఖ్యం. సముద్రం పక్కన గాల్లో తేమ ఎక్కువ, కాబట్టి అనంతపురంలో కట్టిన ఇంటికన్నా ఇక్కడ కాంక్రీటు తక్కువ ఆరుతుంది, తక్కువ ముడుచుకుంటుంది, క్రీప్ కూడా తక్కువే. కానీ ఆ గాలే ఉప్పు మోసుకొస్తుంది. ముడుచుకుని పడిన సన్నటి బీటల్లోంచి ఉప్పు తేమ స్టీలు దాకా వెళ్తే తుప్పు మొదలవుతుంది. కోడ్ సముద్ర తీరపు గాలికి నేరుగా తగిలే ఆర్‌సీసీకి కనీసం ఎం30, 45 మి.మీ. కవర్ (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) అడుగుతుంది. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఎం20, 20 మి.మీ. కవర్‌తో సరిపెట్టారు. బాల్కనీ అడుగున గోధుమరంగు మరకలు, రాడ్డు వెంట పొడుగ్గా బీట, తడితే డొల్ల చప్పుడు ఉంటే అది క్రీప్ రోగం కాదు, దానికి వైద్యం వేరు.

క్రీప్‌ని ఇంజనీర్లే తక్కువగా అంచనా వేసిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనడం లేదు. ఫ్రాన్సులో ఫ్రెసినే అనే ఇంజనీరు ల వ్యూర్‌ద్ర్ దగ్గర కట్టిన ఆర్చి వంతెన 1911లో నడిమధ్యన నెలనెలా దిగుతూ వచ్చింది. ఆయన జాకీలు పెట్టి ఎత్తి నిలబెట్టాడు. కాంక్రీటు ఏళ్ళ తరబడి లొంగుతుందని అక్కడ కళ్ళారా చూసిన మనిషి కాబట్టే, మామూలు స్టీలు లాగి కడితే ఆ లాగుడంతా క్రీప్, ష్రింకేజ్ తినేస్తాయని గ్రహించి, చాలా బలమైన తీగలతో ప్రీస్ట్రెస్సింగ్‌కి, అంటే తీగల్ని లాగి బిగించి కాంక్రీటుని ముందే ఒత్తి ఉంచే పద్ధతికి, 1928లో పేటెంటు తీసుకున్నాడు. పసిఫిక్‌లో పలావు దేశంలో 1977లో కట్టిన 241 మీటర్ల స్పాన్ వంతెన అయితే, ఉండాల్సిన ఎత్తు నుంచి మధ్యలో ఒకటిన్నర మీటరు పైగా కుంగింది, అప్పటి లెక్కలు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ. 1996లో రిపేరు చేసిన కొద్ది నెలలకే, సెప్టెంబరులో, కూలిపోయింది, ఇద్దరు పోయారు. మన ఇళ్ళ స్పాన్లకి అంత భయం అవసరం లేదు, కానీ కొలవకుండా మాట్లాడకూడదు.

బోయపాలెంలో మీ తమ్ముడు ఇల్లు మొదలుపెట్టారన్నారు కదా, ఆయనకి ఈ నాలుగు మాటలు చెప్పండి, ఎందుకంటే పదేళ్ళ తర్వాత కనబడేదంతా మొదటి నెలలోనే నిర్ణయమైపోతుంది. కోడ్‌లో క్రీప్ గుణకం (బరువు పడగానే వచ్చిన వంపుకి ఎన్ని రెట్లు తర్వాత క్రీప్‌గా వస్తుందో చెప్పే అంకె) 7 రోజుల వయసులో బరువు పడితే 2.2, 28 రోజులకైతే 1.6, ఏడాదికైతే 1.1. అంటే పసి కాంక్రీటు మీద బరువు వేస్తే అది జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. స్లాబ్ 4.5 మీటర్ల లోపుంటే సపోర్టులు 7 రోజులు, దాటితే 14, 6 మీటర్లు దాటిన బీముకి 21 రోజులు ఉంచాలి, ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకి చెప్పినవి. మన వైపు స్టీల్ ప్లాంట్ స్లాగ్ కలిసిన సిమెంటు చాలామంది వాడతారు, మంచి సిమెంటే, ఉప్పు గాలికి ఇంకా మంచిది, కాకపోతే మొదట్లో మెల్లగా గట్టిపడుతుంది. దానికి ఇంకొన్ని రోజులు కలపండి, క్యూరింగ్ 14 రోజులు మడులు కట్టి నీళ్ళు నిలపండి. పై అంతస్తు సెంట్రింగ్ జాకీలు కింది స్లాబ్ మీదే ఆనుతాయి, ఆ స్లాబ్ తన జీవితంలో మోసే అతి పెద్ద బరువు ఒక్కోసారి ఆ రోజే పడుతుంది, అది నెల కూడా నిండని వయసులో. కింది అంతస్తు సపోర్టులు అప్పటిదాకా తీయనివ్వకండి. శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని, దానికోసం వైశాఖంలో వేసిన స్లాబ్‌కి వారానికే జాకీలు పీకించిన ఇళ్ళు నేను చాలా చూశాను. ఇంకొకటి, బాల్కనీ పోత రోజు ఆయన్ని దగ్గరుండి పై రాడ్ల మీద నడవడానికి చెక్కలు వేయించమనండి, స్కేలు పెట్టి రాడ్డు పైన కవర్ ఎంత ఉందో తనే చూసుకోమనండి. ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు) లారీ వచ్చాక పంపు ఆడటం లేదని అందులో నీళ్ళు పోయనివ్వొద్దు, ప్లాంటుకి ఫోన్ చేసి కాంక్రీటుని జారుడుగా చేసే అడ్‌మిక్చర్ వేయించమనాలి.

మీ విషయానికి వస్తే, ఈ ఆదివారం పొద్దున అడుగు నుంచి కొలతలు తీసుకోండి, గోడ మొదట్లో బీట ఉందేమో చూడండి. బీట ఉన్నా, అడుగున 8, 9 మి.మీ. దాటినా కింద జాకీలు పెట్టించి, కవర్ మీటర్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించి రాడ్లు ఎంత లోతులో ఉన్నాయో చూపించండి, ఖర్చు గురించి అసోసియేషన్‌తో తర్వాత మాట్లాడుకోవచ్చు. అవేవీ లేకపోతే నెలకోసారి గీత పెడుతూ ఆరు నెలలు రాసి ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. బాల్కనీకి గ్రిల్, గ్లాసు, గ్రానైట్ గట్టు పెట్టిద్దామనుకుంటున్నాం అన్నారు. ఆ ఆరు రీడింగులు వచ్చేదాకా వాటికి అడ్వాన్సు ఇవ్వకండి, చివర వరసగా పెట్టిన ఆ పెద్ద సిమెంటు కుండీలు కూడా ఈ లోగా గోడ వైపుకి జరిపించండి.